కాలువ అవతల మెక్సికో

మడుగుపాలెం విశ్వవిద్యాలయానికి అన్నీ ఉన్నాయి. నిలువెత్తు గేటుంది, గేటుకు తాళముంది, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘముంది. లేనిదల్లా విదేశమొక్కటే. అదొక లోటని ఫిబ్రవరి దాకా ఎవరికీ తోచలేదు. ఫిబ్రవరిలో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విశ్వవిద్యాలయమూ వేసవి ముగిసేలోగా కనీసం ఒక స్వల్పకాలిక విదేశీ అధ్యయన కార్యక్రమం జరిపి తీరాలట. లేనిపక్షంలో గ్రేడు ఒక మెట్టు దించుతారట.

సరిగ్గా అదే రోజు చరిత్ర శాఖలో పనిచేసే నేరెళ్ళ సుభద్రకు మెక్సికో నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ మెరిదా అనే ఊళ్ళో ఒక చిన్న భాషా పాఠశాల ఉంది. ఏటా జూన్‌లో ఆరు వారాల పాటు స్పానిష్ భాష, మాయా సంస్కృతి నేర్పుతారు. చరిత్ర చెప్పే మాస్టర్లకని కేటాయించిన ఒక సీటు ఈసారి సుభద్రకు ఇచ్చామని, రానూపోనూ ఖర్చులు తామే పెట్టుకుంటామని రాశారు. ఆమె ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని, ఐదోసారి స్టాఫ్ రూములో తలుపేసుకుని చదివింది.

ఆమె సంబరానికి కారణముంది. పన్నెండేళ్ళుగా ఆమె మాయా నాగరికత పాఠం చెబుతోంది. పుస్తకంలో అది నాలుగు పేజీలు, ఒక మసక ఫొటో. మొదటి సంవత్సరం వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "ఆళ్ళిప్పుడు ఉన్నారా మేడమ్?" అని అడిగింది. "లేరమ్మా, అంతరించిపోయారు" అని సుభద్ర ఠకీమని చెప్పేసింది. పుస్తకంలో అలాగే ఉంది మరి. ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది, వాళ్ళు లక్షల్లో ఉన్నారని, తమ భాషే మాట్లాడుకుంటున్నారని. బతికున్న మనుషుల్ని చంపేసి మార్కులు కూడా వేశానే అని ఆమెకు సిగ్గు పట్టుకుంది. ఆ పిల్ల చదువు ముగించుకుని వెళ్ళిపోయింది కానీ సిగ్గు మాత్రం పోలేదు. ఒక్కసారి వెళ్ళి ఆ మనుషుల్ని కళ్ళారా చూసి రావాలని ఆమె పంతం.

ఉద్యోగులు దేశం దాటాలంటే రిజిస్ట్రారు గారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. రిజిస్ట్రారు కోదండపాణి గారు నియమాల పుస్తకాన్ని తలకింద పెట్టుకుని పడుకునే మనిషని పేరు. ఆయన ఉత్తరం చదివి కళ్ళజోడు తీశారు.

"ఈ సీటు ఎవరికొచ్చింది?"

"నాకేనండీ."

"విశ్వవిద్యాలయానికి రాలేదా?"

"నాకొస్తే విశ్వవిద్యాలయానికి వచ్చినట్టే కదండీ."

"కాదు. ఇది వ్యక్తిగత విదేశం. ప్రస్తుతం సంస్థకు కావలసినది సంస్థాగత విదేశం. సంస్థ వెళ్ళకుండా వ్యక్తి వెళ్ళుట క్రమశిక్షణ కాదు."

అలా అన్నారే గానీ ఉత్తరం మాత్రం తిరిగివ్వలేదు. సర్క్యులర్‌లో 'అధ్యయన విషయము' అన్న గడి ఖాళీగా ఉంది. ఆయన కలం తీసి, ఉత్తరం చూసి, ఆ గడిలో 'స్పానిష్ భాష, మాయా సంస్కృతి' అని పొందికగా రాసుకున్నారు. పక్కనే 'సమన్వయకర్త' అన్న గడిలో సుభద్ర పేరు రాశారు.

"ముందు దీనిని జయప్రదం చేయండి. తదుపరి తమ పత్రం విషయమై సానుభూతితో పరిశీలించబడును."

వారం తిరక్కుండా సమావేశం పెట్టారు. మాయ తమదేనని వేదాంత శాఖ పెట్టుకున్న అర్జీని మొదటి పది నిమిషాల్లో తోసిపుచ్చారు. మిగిలిన రెండు గంటలూ విదేశం ఎక్కడ దొరుకుతుందన్న దాని మీదే చర్చ సాగింది. కార్యక్రమానికి పేర్లిచ్చిన ముప్పై ఇద్దరు విద్యార్థుల్లో ముప్పై మందికి పాస్‌పోర్టు లేదు. ఉన్న ఇద్దరిలో ఒకడిది వాళ్ళ మేనమామ దగ్గరుంది. అందరూ తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో న్యాయ విభాగం గుమాస్తా సర్క్యులర్ చివరి పేజీలో, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం పట్టుకున్నాడు. విదేశమనగా విశ్వవిద్యాలయ అధికార పరిధికి వెలుపల నున్న ఏదేని ప్రదేశము.

అందరూ కిటికీలోంచి కాలువ వైపు చూశారు.

కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మడుగుపాలెం కాలువను హద్దు చేశారు. కాలువకు ఇవతలి గట్టు ఈ విశ్వవిద్యాలయం పరిధి. అవతలి గట్టున ఉన్న చింతలంక మరో విశ్వవిద్యాలయం పరిధి. మధ్యలో లాకుల వంతెన ఉంది. సైకిలు మీద నిదానంగా తొక్కితే ఒకటిన్నర నిమిషం.

"అయితే చింతలంక విదేశమన్నమాట" అన్నారు కోదండపాణి గారు, ఏళ్ళ తరబడి వెతుకుతున్న వస్తువు సొంత జేబులో దొరికినట్టు. "తీర్మానం రాసుకోండి."

సుభద్ర గొంతు సవరించుకుంది. "సార్, నా ఇల్లు చింతలంకలోనే ఉందండీ. రోజూ అక్కణ్ణుంచే వస్తున్నాను."

"సంతోషం. తమకు స్థానిక పరిజ్ఞానం కూడా ఉన్నది" అన్నారాయన.

ఏప్రిల్ మూడో వారానికి వంతెన మొదట్లో షామియానా వేశారు. షామియానా కింద బల్ల, బల్ల మీద రెండు రబ్బరు ముద్రలు, బల్ల వెనక వాచ్‌మన్ సత్తియ్య. ఒక ముద్ర 'విదేశ ప్రయాణం', రెండోది 'స్వదేశ ప్రవేశం'. కాంటీనులో టిఫిను కూపన్ల కోసం అచ్చువేయించిన చిన్న పుస్తకాలు మిగిలిపోయి ఉంటే వాటికి నీలం అట్ట వేసి పిల్లలకూ సుభద్రకూ పంచారు. సత్తియ్య ఇరవై ఏళ్ళుగా గేటు దగ్గర ఎవర్నీ ఏమీ అడిగి ఎరగడు. ముద్ర చేతికొచ్చేసరికి మాట తీరే మారిపోయింది. పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఆపి అడిగేవాడు.

"ప్రయాణం దేనికండీ?"

"క్లాసుకి సత్తియ్యా! నిన్న కూడా ఇదే చెప్పాను కదా."

"నిన్నటిది నిన్నేనండి. తిరిగొచ్చేదెప్పుడండి?"

"మధ్యాన్నం భోజనానికి."

"రాసుకుంటున్నానండి" అని అతను ముద్ర దబ్బున కొట్టేవాడు.

తరగతులు చింతలంక కొబ్బరి రైతుల కల్యాణమండపంలో. విదేశంలో విదేశపు సమయం ఉండాలని సాంకేతిక ఉపసంఘం సిఫార్సు చేయడంతో మండపంలో గడియారాన్ని మెక్సికో వేళకు తిప్పారు. ఉదయం పది గంటల క్లాసు హాజరుపట్టీలో ముందురోజు రాత్రి పదిన్నరగా నమోదైంది. మూడోరోజుకల్లా అమ్మాయిల హాస్టల్ వార్డెన్ నుంచి పద్నాలుగు మంది తండ్రులకు ఉత్తరాలు వెళ్ళాయి. తండ్రులు పరుగున వచ్చారు. వాళ్ళను సత్తియ్య వీసా లేదని వంతెన దగ్గరే ఆపేశాడు.

పిల్లల్లో ముగ్గురు చింతలంక వాళ్ళే. ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తే కల్యాణమండపం కనబడుతుంది. విదేశంలో పుట్టి పెరిగినవాళ్ళు విదేశానికి వెళ్ళినట్టు ఎలా లెక్కించడమన్న ప్రశ్న వచ్చింది. కోదండపాణి గారు రాత్రంతా ఆలోచించి మెమో ఇచ్చారు. 'చింతలంక నివాసులందరూ విదేశ నివాసులుగానే పరిగణింపబడుదురు. కావున సదరు విద్యార్థులు ప్రతి ఉదయం తొలుత స్వదేశమునకు విచ్చేసి, తదుపరి విదేశమునకు ప్రయాణింపవలెను.' ఆ ముగ్గురూ రోజూ పొద్దున్నే ఇవతలికి వచ్చి, ముద్ర వేయించుకుని, వెనక్కి తిరిగి ఇంటి పక్కకు వెళ్ళి క్లాసులో కూర్చునేవాళ్ళు. సుభద్ర ఆ మెమో కాపీని ఫైల్లో పెట్టుకుంది. దాంతో ఏం పని పడుతుందో అప్పటికి ఆమెకు తెలియదు.

ఇంతకీ స్పానిష్ చెప్పేదెవరు? విశ్వవిద్యాలయం మొత్తానికి ఆ భాష వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టుపక్కల ఉన్న ఒక్క మనిషి చింతలంక రేవు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న వాసంశెట్టి భూషణం. కుర్రతనంలో ఓడలో వంటవాడిగా వెళ్ళాడు. మెరిదాకు దగ్గర్లోనే ఉన్న ప్రోగ్రెసో అనే రేవులో జబ్బుపడితే ఓడవాళ్ళు దింపేసి పోయారు. నాలుగేళ్ళు అక్కడే, ఒక మాయా కుటుంబం వాళ్ళ వంటింట్లో ఉండిపోయాడు. డిగ్రీ లేదు కాబట్టి నియమించడం కుదరదన్నారు కోదండపాణి గారు. కానీ అతను ఉంటున్నది విదేశంలో. విదేశీ ఆచార్యుల డిగ్రీలు ఇక్కడ పరిశీలించే ఏర్పాటు లేదు. ఆ నియమం కింద భూషణాన్ని ఆహ్వానిత విదేశీ ఆచార్యుడిగా ప్రకటించి, శాలువా కప్పారు.

భూషణం పాఠం పలక మీద మొదలవలేదు, పొయ్యి మీద మొదలైంది. మొక్కజొన్న గింజల్ని సున్నపు తేటలో ఉడకబెట్టి, ఒక పూట నాననిచ్చి, పొట్టు పోయేదాకా చేత్తో నలిపి కడిగించాడు. రోట్లో రుబ్బించాడు. ఏజెన్సీ సంత నుంచి జాఫ్రా గింజలు తెప్పించి ఎర్రటి ముద్ద నూరించాడు. "ఇది మన మన్యంలో కాసేదేనండి. ఆళ్ళకి ఇది లేందే కూర లేదండి" అన్నాడు. పిండిలో ఆ ముద్ద కలిపిన కోడికూర పెట్టి, అరటాకులో మడిచి, ఆవిరి మీద ఉడికించారు. తమాల్ అంటారట. రుబ్బేటప్పుడు రుబ్బే మాటలు, కడిగేటప్పుడు కడిగే మాటలు, తినేటప్పుడు మెచ్చుకునే మాటలు. రెండో వారానికి పిల్లలు ఉప్పు కావాలన్నా స్పానిష్‌లోనే అడుగుతున్నారు.

మొదటిరోజే సుభద్ర పక్కకు పిలిచి అడిగింది. "భూషణం గారూ, ఆ మాయా వాళ్ళు నిజంగా ఉన్నారంటారా?"

అతను ఆమెకేసి వింతగా చూశాడు. "ఉండకపోడవేటండి? నాలుగేళ్ళు నాకు అన్నం ఎట్టింది ఎవరనుకున్నారు? కాందెలారియమ్మని, ముసలామె. నేను పొద్దున్నే లెగవగానే 'బిష్ ఎ బేల్' అనేదండి. అంటే నీ దారెలాగుంది అని. ఎలా ఉన్నావని అడగరండి ఆళ్ళు, దారెలాగుందని అడుగుతారు. మాలోబ్ అనాలి. బాగుందని."

సుభద్రకు కళ్ళు చెమర్చాయి. పన్నెండేళ్ళ పాఠంలో తనకు తెలియనిది ఈ రెండు మాటల్లో తెలిసింది. అప్పుడే గట్టిగా అనుకుంది, ఏం చేసైనా సరే ఆ ముసలామె ఊరు చూడాలని.

మే మొదటి వారంలో తనిఖీ సంఘం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, మూడు దండలు. వాళ్ళకూ నీలం పుస్తకాలిచ్చి, వాటిలో సత్తియ్య ముద్రలు కొట్టాడు. అధ్యక్షుల వారు పుస్తకం తెరిచి ముద్రను చాలాసేపు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన దేశం దాటడం అదే మొదటిసారట. మండపంలో గడియారం చూసి, తన చేతి గడియారం కూడా తిప్పుకున్నారు. పిల్లలు స్పానిష్‌లో స్వాగతం చెప్పి అరటాకు పొట్లాలు వడ్డించారు. ఆయన మూడు తిన్నారు. నాలుగోది విప్పుతూ, "విద్యార్థులు విదేశీ వాతావరణమునకు అలవాటుపడిన తీరు ప్రశంసనీయం. ఇక్కడి గాలిలోనే తేడా స్పష్టముగా తెలియుచున్నది" అన్నారు. కాలువ అవతల మడుగుపాలెం మైకులో ఎవరో తప్పిపోయిన గేదె గురించి ప్రకటన చదువుతున్నారు. అది ఇక్కడికి స్పష్టంగా వినబడుతోంది.

గ్రేడు రెండు మెట్లు పెరిగింది. అభినందన సభలో సుభద్రకు 'విదేశీ అధ్యయనము జయప్రదముగా పూర్తి చేసిన' ధ్రువపత్రం ఇచ్చారు. జూన్ మొదటి సోమవారం మెరిదాలో ఉండాలి. మర్నాడే ఆమె రిజిస్ట్రారు గారి గదికి వెళ్ళింది.

"సార్, ఇక నా నిరభ్యంతర పత్రం..."

"ఏ ప్రయాణమునకు?"

"మెక్సికోకండీ."

కోదండపాణి గారు నియమాల పుస్తకం తెరిచారు. ఆయన ముఖంలో నిజమైన విచారం కనబడింది. "చూడండమ్మా, ఒకసారి విదేశీ అధ్యయనము పూర్తిచేసిన ఉద్యోగి తిరిగి మూడేళ్ళ వరకు విదేశానికి వెళ్ళరాదు. ఈ మధ్యనే కదా తమరు వెళ్ళివచ్చినది? తమ ధ్రువపత్రంపై నేనే సంతకం చేసితిని."

"నేను వెళ్ళింది చింతలంకకండీ! మా వీధి చివరకి!"

"గట్టిగా అనకండి. గ్రేడు వచ్చినది" అన్నారాయన తలుపువైపు చూస్తూ.

సుభద్ర గబగబా వంతెన దాటి ఇంటికి పోకుండా భూషణం బండి దగ్గర బల్ల మీద కూలబడింది. ఒళ్ళు మండిపోతోంది. ఏడుపు కూడా వస్తోంది. రెండూ ఒకేసారి రావడంతో ఏ ఒక్కటీ సరిగ్గా చేయలేక కూర్చుంది. భూషణం అడక్కుండానే నాలుగు ఇడ్లీలు పెట్టి, జరిగిందంతా విన్నాడు.

"నాకో సంగతి తెలవలేదండి. నన్ను విదేశీ ఆచార్యుడని శాలువా కప్పారు కదండి. ఎందుకు కప్పారంటారు?"

"మీరు ఈ గట్టున ఉంటారని."

"మరి తవరెక్కడుంటారండి?"

సుభద్ర చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలో పడిపోయింది. మరుక్షణం ఆమె లేచింది. ఇంటికెళ్ళి ఫైలు విప్పి మెమో బయటికి తీసింది. సాయంత్రానికి అర్జీ తయారైంది. పొద్దున్నే అది రిజిస్ట్రారు గారి బల్ల మీదుంది.

'అయ్యా, తమరి మెమో ప్రకారము చింతలంక నివాసులందరూ విదేశ నివాసులు. నేను చింతలంక నివాసిని. విదేశములో నివసించు నేను మా ఇంటి నుండి వేరొక విదేశమునకు వెళ్ళుటకు తమ అనుమతి అవసరమా, కాదా? అవసరమన్నచో చింతలంక తమ పరిధిలోనిదని అర్థము. అట్లయిన పక్షమున మన కార్యక్రమము విదేశమున జరిగినది కాదని తనిఖీ సంఘమునకు తెలియజేయుట నా బాధ్యత. ఏ సంగతీ లిఖితపూర్వకముగా సెలవియ్యగలరు.'

కోదండపాణి గారు అర్జీ ఒకసారి చదివి మంచినీళ్ళు తాగారు. రెండోసారి చదివి న్యాయ విభాగం గుమాస్తాను పిలిపించారు. చీమ తలకాయంత అక్షరాలు కనిపెట్టిన ఆ గుమాస్తా అర్జీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి అడుగున ఏమీ లేదండీ, అంతా పైనే ఉంది" అని నోరు వెళ్ళబెట్టాడు. ఇద్దరూ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదని ప్యూను చెప్పాడు.

నాలుగు గంటలకు సుభద్ర చేతికి కవరు వచ్చింది.

'అర్జీదారు విదేశములో నివసించుచున్నందున, ఆమె అచ్చటి నుండి మరే ఇతర విదేశమునకు చేయు ప్రయాణములు ఈ విశ్వవిద్యాలయ పరిధిలోనికి రావు. కావున ఈ కార్యాలయమునకు అభ్యంతరము తెలుపు అధికారమే లేదు.' కింద కోదండపాణి గారి సంతకం, సీలు.

నిరభ్యంతర పత్రాల్లో ఇంత గట్టిది ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో ఇంకొకటి లేదు. వేసవి సెలవులు ఎలాగూ ఉన్నాయి. జూన్‌లో మిగిలే పని రోజులకు సెలవు చీటీ శాఖలోనే ఇచ్చుకోమని ఆయనే ప్యూనుతో కబురు చేశారు. మళ్ళీ ఆమె అర్జీ ఏదీ తన బల్ల మీద పడకూడదన్నదే ఆయన కోరికట.

బయల్దేరే రోజు పొద్దున భూషణం ఒక డబ్బా తెచ్చిచ్చాడు. అందులో జాఫ్రా ముద్ద ఉంది.

"అక్కడ దొరుకుతుంది కదా భూషణం గారూ, ఇది పట్టుకెళ్ళడం దేనికి?"

"దొరుకుద్దండి. కానీ కాందెలారియమ్మ బతికుంటే మన మన్యంది పెట్టి చూడండి. ఉందో లేదో నాకు తెలీదండి. ఉంటే మట్టుకు భూషణం దారి బాగానే ఉందని చెప్పండి."

సుభద్ర డబ్బాను బట్టల మధ్య భద్రంగా పెట్టుకుంది. ఆ మాట తప్పకుండా చెబుతానంది.

విమానం ఎక్కడానికి హైదరాబాదు బస్సు పట్టుకోవాలి. బస్టాండేమో కాలువకు ఇవతల ఉంది. పెట్టె లాక్కుంటూ ఆమె వంతెన దాటింది. కార్యక్రమం ముగిసి మూడు వారాలైనా షామియానా తీయమని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఆర్డరు లేదు కాబట్టి సత్తియ్య అక్కడే ఉన్నాడు. పాలవాళ్ళకూ, కూరగాయల బళ్ళకూ ముద్రలు కొడుతూనే ఉన్నాడు. రెండు వారాల పాటు పిల్లలు భూషణం నేర్పిన మాయా పలకరింపు కూడా అటూ ఇటూ వల్లెవేస్తూ పోతుంటే అతనికి కూడా నాలుగు ముక్కలు అబ్బాయి.

"బిష్ ఎ బేల్ అండి, సుభద్రమ్మగారూ?" అన్నాడు లేచి నిలబడి.

"మాలోబ్ సత్తియ్యా. చాలా మాలోబ్" అంది ఆమె నవ్వుతూ.

"పెద్ద పెట్టేనండి. ఎక్కడికండి ప్రయాణం?"

"మెక్సికోకి."

సత్తియ్య ఆమె వచ్చిన దిక్కు చూశాడు. పెట్టె చూశాడు. ఆమెను చూసి జాలిగా తల పంకించాడు.

"అక్కణ్ణుంచే కదండీ వస్తున్నారు" అని ఆమె నీలం పుస్తకం అడిగి తీసుకుని, 'స్వదేశ ప్రవేశం' ముద్ర దబ్బున కొట్టాడు.